మన మెకానికల్ సీనియర్, ఆయన పట్టర్

నరసరావుపేటలో గోల్ఫ్ కోర్సు లేదు. కోటప్పకొండ దాకా బండేసుకుని వెళ్ళినా కనబడేవి పొలాలే. అలాంటి ఊళ్ళో కూర్చుని గోల్ఫ్ ఆటగాడి గురించి రాస్తున్నానంటే మనవాళ్ళు నవ్వుతారని తెలుసు. కానీ ఈయన 1922లో జార్జియా టెక్‌లో మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తి చేసి, అది చాలదన్నట్టు హార్వర్డ్‌కి వెళ్ళి 1924లో ఇంగ్లీషు సాహిత్యంలో ఇంకో డిగ్రీ తెచ్చుకున్నాడు. ఇంజనీరింగ్ కాలేజీలో సాహితీ క్లబ్బు నడుపుకునే మనకి ఇంతకంటే దగ్గరి చుట్టం ఎవరు దొరుకుతారు చెప్పండి? పేరు బాబీ జోన్స్.

1902 మార్చి 17న అమెరికాలోని అట్లాంటాలో పుట్టాడు. చిన్నప్పుడు బక్కపల్చటి, జబ్బు పిల్లాడు. తిన్నది ఇమిడేది కాదు. ఈస్ట్ లేక్ గోల్ఫ్ కోర్సు పక్కన ఇల్లు. అక్కడ ఆట నేర్పే స్టివర్ట్ మేడెన్ స్కాట్లండ్ నుంచి వచ్చినవాడు. ఆయన జోన్స్‌ని కూర్చోబెట్టి పాఠాలేమీ చెప్పలేదు. పిల్లాడే ఆయన వెనకాల తిరిగి, ఆ ఊపుని చూసి చూసి పట్టేశాడు. టోపీ నిండా పాత బంతులు పోసుకుని ఇంటి ఎదురుగా ఉన్న 13వ గ్రీన్ మీద ఒక్కడే ఆడుకునేవాడు. 14 ఏళ్ళకే, 1916లో, అమెరికా అమెచ్యూర్ పోటీల్లో క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్ళాడు.

ఆ తర్వాత ఏడేళ్ళు పెద్ద టైటిల్ ఒక్కటీ లేదు. దెబ్బలో లోపం లేదు, ఉన్నదల్లా కోపం. కుదరని దెబ్బకి కర్ర విసిరికొట్టేవాడు. 1921లో సెయింట్ ఆండ్రూస్‌లో బ్రిటిష్ ఓపెన్ ఆడుతూ, మూడో రౌండ్లో 11వ హోల్ దగ్గర ఇసకలో ఇరుక్కుని, బంతి ఎత్తేసుకుని పోటీలోంచి తప్పుకున్నాడు. ఆ పని ఆయన్ని జీవితాంతం బాధపెట్టింది.

ఇక్కడ ఆట సంగతి కొంచెం చెప్పాలి. గోల్ఫ్‌లో మూడొందల గజాలు కొట్టిన దెబ్బా ఒకటే, జానెడు దూరం దొర్లించినదీ ఒకటే. గుంట చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డిని గ్రీన్ అంటారు. దానిమీద బంతిని దొర్లించి గుంటలో వేయడం పట్టింగ్, అందుకు వాడే కర్ర పట్టర్. మామూలు లెక్కలో 18 గుంటలకి 72 దెబ్బలు, అందులో గుంటకి రెండు చొప్పున 36 పట్టింగ్‌కే కేటాయింపు. అంటే సగం ఆట! చూసేవాళ్ళు మాత్రం మిగతా సగానికే చప్పట్లు కొడతారు.

1923 అమెరికా ఓపెన్‌కి ముందు స్టివర్ట్ అన్న జిమ్ మేడెన్ జోన్స్ చేతిలో ఒక పాత పట్టర్ పెట్టాడు. దాని పేరు కెలామిటీ జేన్. పగిలిన చోట దారం చుట్టిన కర్ర, ముఖం సుమారు 8 డిగ్రీలు వెనక్కి వాలి ఉంటుంది. ఇప్పటి పట్టర్లకి అందులో సగం కూడా ఉండదు. అప్పటి గ్రీన్ల మీద గడ్డి ఒత్తుగా ఉండేది, బంతిని ముందు కాస్త లేపితేగానీ దొర్లేది కాదు. దాంతోనే జోన్స్ తన మొదటి ఓపెన్ గెలిచాడు.

నాకు బాగా నచ్చింది ఆ తర్వాత జరిగినది. దేశం మొత్తానికి ఛాంపియన్ అయిన కుర్రాడు 1924లో అగస్టాలో వాల్టర్ ట్రావిస్ దగ్గర పట్టింగ్ పాఠం చెప్పించుకున్నాడు. ట్రావిస్‌కి అప్పటికి 62 ఏళ్ళు. ఆయన గోల్ఫ్ మొదలుపెట్టిందే 35వ ఏట. దూరం కొట్టే బలం లేక పట్టింగ్ మీదే బతికి, మూడుసార్లు అమెరికా అమెచ్యూర్, 1904లో బ్రిటిష్ అమెచ్యూర్ గెలిచిన మనిషి. ఆయన జోన్స్ పాదాలని మడమలు దాదాపు తగిలేంత దగ్గరికి తెప్పించాడు. పట్టు మార్పించాడు. మామూలు దెబ్బలకి కుడిచేతి చిటికెనవేలు ఎడమచేతి మీదకి వస్తే, ఇక్కడ ఎడమచేతి చూపుడువేలు కుడిచేతి వేళ్ళ మీద వాలుతుంది. కర్రని పొట్టిగా లాగి టక్కున పొడవకుండా, పొడుగ్గా వెనక్కి తీసుకెళ్ళి మెత్తగా రానివ్వమన్నాడు. గెలిపించిన చేతులని గెలిచిన మరుసటేడే మార్చుకోవడం మాటలు కాదు. సెమిస్టర్లో టాపర్ వచ్చినవాడు నోట్సు పద్ధతి మార్చమంటే మారుస్తాడా?

రెండో సూత్రం చిన్ననాటి గురువు మేడెన్‌ది. బంతి గుంట దగ్గరికి వచ్చేసరికి దాని ఊపు అయిపోవాలి. అలా వస్తే గుంటకి నాలుగు తలుపులు: ముందుది, పక్కలవి రెండు, చుట్టు తిరిగి వెనకది. వేగంగా వస్తే ముందు తలుపు ఒక్కటే, అదీ నడిమధ్యనే తగలాలి. హాస్టల్లో క్యారమ్స్ ఆడేవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు, గట్టిగా కొట్టిన కాయిన్ పాకెట్ మూతిలో కొట్టుకుని బయటికొస్తుంది. లెక్క కావాలంటే: గుంట అడ్డం 108 మిల్లీమీటర్లు. అది దాటేలోపు బంతి తన వ్యాసార్థమంత కిందికి పడాలి. సెకనుకి ఒకటిన్నర మీటర్లకి కాస్త అటూ ఇటూ వేగం మించితే, నడిమధ్యలోంచి వెళ్ళినా పైనుంచి దాటిపోతుంది. అయితే మరీ మెల్లగా వేస్తే దారిలోనే ఆగిపోతుంది, ఏటవాలుకి పక్కకి జారుతుంది. ఆ మధ్య వేగం చేతికి తెలియాలి, ఫార్ములాకి తెలిస్తే చాలదు.

సాధన విషయంలో జోన్స్ పొద్దస్తమానం కోర్సులో పడి ఉన్నవాడు కాదు. చదువు, తర్వాత లా ప్రాక్టీసు, ఇల్లు. డబ్బుకి ఆడలేదు, చివరిదాకా అమెచ్యూరే. ఏడాదిలో చాలా నెలలు ఆట పక్కనపెట్టేవాడు. ఆడినప్పుడు మాత్రం ఎదుటివాడిని వదిలేసి కోర్సు లెక్కతోనే పోటీ పడటం నేర్చుకున్నాడు. కోపం అక్కడే తగ్గింది. 1925 ఓపెన్‌లో తన బంతి కొంచెం కదిలిందని, ఎవరూ చూడకపోయినా, తనమీద తనే ఒక దెబ్బ జరిమానా వేసుకున్నాడు. చివరికి ప్లేఆఫ్ దాకా వెళ్ళి ఓడిపోయాడు.

1929 ఓపెన్, వింగ్డ్ ఫుట్. చేతిలో ఉన్న ఆధిక్యమంతా చివరి రౌండ్లో కరిగిపోయింది. ఆఖరి గ్రీన్ మీద 12 అడుగుల పట్ మిగిలింది. పోతే ఓటమి, పడితే సమం. పక్కకి వంగే దారి. గట్టిగా కొట్టాలని ఎవరికైనా చేతులు దురదపెట్టే క్షణం. ఆయన వేసిన బంతి మెల్లగా వంపు తిరుగుతూ గుంట అంచుదాకా వచ్చి, ఆఖరి దొర్లింపులో లోపల పడింది. నాలుగు తలుపుల పాఠం అక్కడ పనికొచ్చింది. మర్నాడు 36 హోల్స్ ప్లేఆఫ్‌లో ఆల్ ఎస్పినోసాని 23 దెబ్బల తేడాతో ఓడించాడు.

1930లో బ్రిటన్, అమెరికాల ఓపెన్లు, అమెచ్యూర్లు నాలుగూ ఒకే ఏడు గెలిచాడు. అమెరికా ఓపెన్ ఆఖరి గ్రీన్ మీద 40 అడుగుల పట్ పడింది. మొత్తం 13 పెద్ద టైటిళ్ళు. 28 ఏళ్ళకి ఆట మానేశాడు. మరుసటేడు వార్నర్ బ్రదర్స్‌కి ఆట నేర్పే చిన్న సినిమాలు తీశాడు, అందులో మొదటిదే పట్టర్ మీద. అగస్టాలో కోర్సు కట్టించి 1934లో మాస్టర్స్ టోర్నీ మొదలుపెట్టాడు. ఆ క్లబ్బు నల్లజాతి సభ్యుణ్ణి చేర్చుకోవడానికి 1990 దాకా పట్టిందన్నది కూడా ఆయన కథలో భాగమే, దాటేయలేం.

తర్వాత వెన్నుపాము జబ్బు, సిరింగోమైలియా. 1948లో, 1950లో ఆపరేషన్లు. ముందు చేతికర్ర, తర్వాత చక్రాల కుర్చీ. పట్టర్ని అంత మెత్తగా పట్టిన వేళ్ళు పెన్ను పట్టడానికే మొరాయించాయి. 1958లో సెయింట్ ఆండ్రూస్ ఊరు ఆయన్ని పిలిచి పౌరసత్వ గౌరవం ఇచ్చింది. అప్పటికి ఒక అమెరికన్‌కి అది దక్కడం బెంజమిన్ ఫ్రాంక్లిన్ తర్వాత ఆయనకే. 1971 డిసెంబర్ 18న పోయాడు. అక్కడి ఓల్డ్ కోర్సులో 10వ హోల్‌కి ఇప్పుడు ఆయన పేరే. 1921లో బంతి ఎత్తేసుకుని వెళ్ళిపోయిన 11వది దాని తర్వాతదే.