సేనాని ఆంగ్ సాన్

బర్మాదేశము తెలుగువారికి క్రొత్తది కాదు. కాకినాడ, విశాఖపట్టణము రేవులలో ఓడలెక్కి రంగూను చేరిన మన కూలీలు ఒకప్పుడు వేలకొలది. 1930 మే నెలలో ఆ రేవున తెలుగు కూలీలు సమ్మెకట్టగా, వారికి మారుగా పిలువబడిన బర్మీయులకును వారికిని పుట్టిన పోరు పురమెల్ల వ్యాపించి పెక్కు ప్రాణములను బలిగొనెను. ఒక జాతికి వేరొక జాతియెడల గల భయము ఆ దేశమున నెంత లోతుగ నాటుకొనియుండెనో మనవారు ఆనాడే యెరిగిరి. ఆ భయమును మాన్పజూచి, ముప్పదిరెండవ యేట హతుడైన ఆంగ్ సాన్ చరిత్రము శ్రద్ధతో చదువదగినది.

ఆయన 1915 ఫిబ్రవరి 13వ తేదీన నడిమి బర్మాలోని నాట్మౌక్ అను చిన్న పట్టణమున జన్మించెను. రంగూను విశ్వవిద్యాలయమున విద్యార్థి పత్రికకు సంపాదకుడై, అందు ప్రకటింపబడిన యొక వ్యాసమును వ్రాసినవాని పేరు చెప్ప నిరాకరించి 1936లో బహిష్కృతుడయ్యెను. విద్యార్థులు సమ్మె చేసిరి. 1938లో థకిన్ల పక్షమున చేరెను. థకిన్ అనగా దొర; తెల్లవారికి చెల్లుచుండిన బిరుదమును ఆ యువకులు తమకే తగిలించుకొనిరి. 1940లో రాంగఢ్ కాంగ్రెసునకు వచ్చిపోయెను. ఆ యేడే రహస్యముగా చైనాలోని అమోయి రేవు చేరి, అచ్చటినుండి జపానువారి యాశ్రయమునకు పోయెను. ఆయనతో గూడ ముప్పదిమంది యువకులు హైనాన్ దీవిలో యుద్ధవిద్య నేర్చిరి. 1941 డిసెంబరులో బాంకాకున బర్మా స్వాతంత్ర్యసేన వెలసెను.

ఆ సేన దేశమంతటిదా, ఒక జాతిదా? చిక్కంతయు ఇచ్చటనే యున్నది. ఆంగ్లేయులు తమ సైన్యమునకు కొండజాతులనుండియు, కరెనులనుండియు మనుష్యులను చేర్చుకొని, సంఖ్యలో మిక్కుటమైన బర్మీయులను దూరముగా నుంచిరి. 1939లో ఆ సైన్యమున కరెనులు 1,448 మంది యుండగా, బర్మీయులు 472 మంది మాత్రమే. కావున క్రొత్తగా తుపాకి చేబట్టిన బర్మీయునికి తెల్లదొరతోపాటు కరెను సిపాయియు శత్రువుగ తోచెను. 1942లో ఆంగ్లేయులు వెడలిపోవగా, ఐరావతీ నదీముఖమున మ్యాంగ్‌మ్యా ప్రాంతమందు స్వాతంత్ర్యసేన కరెను గ్రామములపై బడెను. స్త్రీలు, బాలురు, క్రైస్తవ గురువులు సైతము చంపబడిరి. కరెనులు మారుదెబ్బ తీసిరి. స్వాతంత్ర్యము తెత్తుమని బయలుదేరిన సేన తొలియేటనే తన దేశీయుల రక్తమున చేతులు తడుపుకొనెను.

ఆంగ్ సాన్ ఈ పాపమును చిన్నది చేసి చెప్పలేదు. ఆయనయు సహచరులును నదీముఖ గ్రామములకు పోయి కరెను పెద్దలతో సంధి నెరపిరి. సైన్యమున కరెను దళము నొకదానిని ఏర్పరచిరి. 1945 మార్చి 27న ఆయన సేన జపానుపై తిరుగబడినప్పుడు ఆ కరెను దళమును కలిసి పోరాడెను. ఆ సెప్టెంబరులో సింహళమందలి కాండీలో మౌంట్‌బాటన్ ప్రభువుతో కుదిరిన ఏర్పాటు ననుసరించి ఆయన సైనికులలో 5,200 మంది, అధికారులు 200 మంది క్రొత్త సైన్యమున చేరవలసి యుండెను. అయితే ఆ సైన్యమున బర్మీయులకు, కరెనులకు, కచిన్లకు, చిన్లకు వేర్వేరు దళములు. జాతికొక దళమను పాత గోడ కూలలేదు.

చోటు దొరకని తన సిపాయీలను ఆంగ్ సాన్ ప్రజా స్వచ్ఛందదళమను పేర కూడగట్టెను. తెల్లవారు మాట తప్పినచో అక్కరకు వచ్చునని ఆయన తలంపు. రాజకీయముగా అది ఫలించినది గాని, ప్రభుత్వమునకు లోబడని ఆయుధపాణులను నాయకుడే పోషించుట ఎంత విపరీతమో ఆయన అంచనా వేసినట్లు లేదు. నాయకుడు ఉన్నంత కాలము అది సేవాదళము. పోయిన మరునాడు దండు.

1947 జనవరి 27న లండనులో ఆట్లీతో ఒడంబడిక చేసికొని తిరిగి వచ్చిన యాయన నేరుగా కొండలమీదికి చూపు మరలించెను. సరిహద్దు మండలములు దేశ వైశాల్యమున సగమునకు కొంచెము తక్కువ. అచ్చటి షాన్ ప్రభువులకును, కచిన్, చిన్ నాయకులకును రంగూను పెత్తనమనిన జంకు. ఫిబ్రవరి 12న షాన్ రాష్ట్రమందలి పాంగ్లాంగ్ అను చిన్న ఊరిలో ఇరువదిమువ్వురు సంతకములు చేసిరి. అంతరంగిక పరిపాలనలో కొండవారికి స్వేచ్ఛ, సమాన హక్కులు ఇచ్చెదమని ఆంగ్ సాన్ మాట యిచ్చెను. ఆ మాటకై వారు ఏకదేశమున చేరిరి. ఆజ్ఞచే ఆయుధము దింపించుటకంటె, ఆయుధముతో పని లేదను నమ్మకము పుట్టించుటయే మార్గమని ఆయన గ్రహించెను. ఆయన చేసిన పనులలో మాకు ఇదియే మిన్నగా తోచుచున్నది.

కాని కరెనులు అచ్చటికి చూపరులుగా మాత్రమే వచ్చిరి. వారమునకు పూర్వమే, ఫిబ్రవరి 5న, వారి జాతీయ సంఘము వెలసియుండెను. కొండవారికి కొండ యున్నది, హద్దు గీయవచ్చును. నదీముఖమున కరెను పొలము ప్రక్కనే బర్మీయుని పొలము. అచ్చట గీత యెక్కడ గీయుట? ఏప్రిల్ ఎన్నికలను కరెను సంఘము బహిష్కరించెను.

జూలై 19న ఉదయము రంగూను సచివాలయమున మంత్రివర్గము కూడియుండగా, మాజీ ప్రధానియైన ఊ సా పంపిన హంతకులు తుపాకులతో చొరబడిరి. ఆంగ్ సానుతో కూడ ఆరుగురు మంత్రులు హతులైరి. వారిలో కరెనుడైన మాన్ బా ఖైంగ్, మాంగ్‌పాన్ షాన్ ప్రభువు, ముసల్మానైన రజాక్ ఉండిరి. ఆయన కూర్చిన ఐక్యము ఆ గదిలో ఎట్లు కూర్చుండెనో, అట్లే నేలకొరగెను.

1948 జనవరి 4న స్వాతంత్ర్యము వచ్చినది. మార్చిలో కమ్యూనిస్టులు, జూలైలో ప్రజా స్వచ్ఛందదళములో పెద్దభాగము తిరుగబడిరి. 1949 జనవరి చివర కరెనులు రంగూను శివారైన ఇన్సీన్‌ను పట్టుకొనిరి. కరెను దళములు సైన్యమునుండి వీడిపోయినవి. కరెనుడైన సేనాధిపతి స్మిత్ డన్ తొలగింపబడగా, ముప్పదిమంది సహచరులలో ఒకడైన నే విన్ ఆ స్థానమునకు వచ్చెను. 1962లో రాజ్యమంతయు ఆయన చేతబడెను. షాన్, కచిన్ యువకులు అప్పటికే అడవులు పట్టియుండిరి. 2021 ఫిబ్రవరి 1న సైన్యము మరల అధికారము నపహరించినప్పుడు నగరములను విడిచిపోయిన బర్మీయ యువకులు పెక్కుమంది కరెను దళముల శిబిరములు చేరి, వారి యొద్దనే తుపాకి పట్టుట నేర్చిరి.