రథమెక్కిన నటుడు

పాశ్చాత్య దేశములలో కలిగినవారు పడక, వంటసామగ్రి అమర్చిన పెద్ద మోటారు బండ్లలో దేశాటనము చేయుదురు. ఇల్లు వెంట వచ్చుచుండగా లోకమును చూచుట వారికొక వేడుక. మన రాష్ట్రమున అట్టి బండి యొకటి వేడుకకు గాక దీక్షకు ఉపకరించినది. అది అమెరికా కంపెనీ వారి పాత షెవర్లే వ్యాను. దానిని రథముగా మార్చుకొని తిరిగినవారు నందమూరి తారక రామారావుగారు.

ఆయన 1923 మే 28న కృష్ణా జిల్లా నిమ్మకూరులో రైతు కుటుంబమున జన్మించిరి. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో బి.ఏ. చదివిరి. 1947లో గుంటూరు జిల్లాలోనే సబ్ రిజిస్ట్రారు ఉద్యోగము లభించినది. ఆ రోజులలో సర్కారు కొలువనిన జీవితమునకు భరోసా. అట్టిదానిని మూడు వారములకే విడిచి నటనకై మద్రాసు చేరిరి. 1949లో 'మనదేశం'తో తెరకెక్కి, సుమారు మూడు వందల చిత్రములలో నటించి, రాముడనిన, కృష్ణుడనిన ఆయన రూపమే స్ఫురించునట్లు చేసిరి.

అరువది యేండ్లు నిండవచ్చుచుండగా, 1982 మార్చి 29న, తెలుగుదేశం పార్టీని స్థాపించిరి. ఎదుట నిలిచినది 1956లో రాష్ట్రమేర్పడిన నాటినుండి ఎడతెగక పాలించుచున్న కాంగ్రెసు. క్రొత్త పార్టీకి గ్రామగ్రామమున శాఖలు లేవు. పల్లెలలో టెలివిజను అరుదు. ఆకాశవాణి ప్రభుత్వము చేతిలోనిది. ఇక మిగిలినది రహదారియే. పాత వ్యానుకు మైకులు బిగించి, లోపలినుండి పైకప్పుమీదికి ఎక్కుటకు మెట్లు అమర్చి, దానికి చైతన్య రథమని పేరిడిరి. కుమారుడు హరికృష్ణ సారథి యయ్యెను.

బండి రాష్ట్రమంతట తిరిగెను. గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి దారులు తెలిసినవారికి ఆ పద్ధతిలోని యుక్తి సులభముగా బోధపడును. పత్తి పగిలిన వేళ, మిరప పండిన వేళ కూలివారు చేను విడిచి పోలేరు. పట్టణములో సభకు పోవుటయనిన ఆనాటి కూలి పోగొట్టుకొనుటయే. కావున సభయే చేని గట్టునకు రావలెను. బండి ఆగిన చోటు సభాస్థలి, పైకప్పే వేదిక. వెండితెరపై దూరముగా చూచిన రూపము దుమ్ముకొట్టుకొన్న ఖాకీ దుస్తులతో ఎదుట నిలిచెను. ఆయన బండిలోనే నిద్రించి, దారి ప్రక్కనే స్నానము చేసి మరల బయలుదేరెడివారు. అట్లు డెబ్బదియైదు వేల కిలోమీటర్లకు పైగా తిరిగిరని చెప్పుదురు.

1983 జనవరి 5న ఎన్నికలు జరిగెను. 294 శాసనసభా స్థానములలో సుమారు 200 ఆ పార్టీకి దక్కెను. పార్టీ పుట్టి అప్పటికి తొమ్మిది నెలలే! జనవరి 9న రామారావుగారు ముఖ్యమంత్రి అయిరి. కిలో రెండు రూపాయల బియ్యము, ఆడపిల్లలకు పిత్రార్జితములో సమాన హక్కు, తిరుపతిలో మహిళా విశ్వవిద్యాలయము, హైదరాబాదులో తెలుగు విశ్వవిద్యాలయము ఆయన పాలనాకాలమున వచ్చినవే.

అయినను రథమున్నంత మాత్రమున జయము శాశ్వతము కాలేదు. 1984 ఆగస్టులో పదవి పోయినది. ప్రజాందోళన ఫలితముగా నెల తిరిగి తిరుగకమునుపే మరల దక్కినది. 1989లో పార్టీ ఓడినది. కల్వకుర్తిలో స్వయముగా ఆయనయే ఓడిరి. 1994లో అఖండ విజయము లభించినను, మరుసటి యేడే సొంత పార్టీలోని చీలికవలన అధికారము చేజారినది. 1996 జనవరి 18న హైదరాబాదులో కన్నుమూసిరి.

బండి మనిషిని ప్రజల ముంగిటికి చేర్చగలదు. వారి నమ్మకమును నిలుపుకొనుట ప్రతిదినము క్రొత్తగా చేయవలసిన పని. ఈ జీవితమున గెలుపు, ఓటమి రెండును ఆ సత్యమునే చాటుచున్నవి. భరోసాగల కొలువును ఇరువది నాలుగేండ్ల వయసున విడిచినవారు, సుఖమైన ఇంటిని అరువదియేండ్ల ప్రాయమున విడిచి దారి పట్టిరి. విద్యార్థులు గుర్తుంచుకొనవలసినది రథము వైభవము కాదు, ఆ రెండు ప్రయాణములకు కావలసివచ్చిన తెగువ.