మొదటి స్పీకరు కాళేశ్వరరావుగారు

కోదాడ నుంచి బెజవాడ బస్సులో పోతే నందిగామ దాటుతాం గదా, అయ్యదేవర కాళేశ్వరరావుగారు 1882లో పుట్టింది ఆ ఊళ్ళోనే. బెజవాడ కాళేశ్వరరావు మార్కెట్టు ఆయన పేరిటదే. ఇది తెలిసినవారు మనలో తక్కువ.

ఆయన వకీలు. గాంధీగారి వెంట నడిచి జైలుకు పోయారు, బెజవాడ మునిసిపాలిటీ అధ్యక్షులైనారు, మద్రాసు శాసనసభకు ఎన్నికైనారు. తురుష్క, ఈజిప్టు దేశాల చరిత్రలు తెలుగులో వ్రాశారు. ఆ సంగతులు ఉర్దూలో చదువుకున్న మాబోటివారికి ఇది ముచ్చటగానే ఉంటుంది.

విశాలాంధ్ర కావాలని ఊరూరా తిరిగారు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడగానే మొదటి స్పీకరైనారు. అప్పటికి వయసు 74. అసలు కష్టం అక్కడే! మద్రాసు పద్ధతి ఎరిగిన ఆంధ్ర సభ్యులు ఒకవైపు, ఉర్దూ దఫ్తరుల్లో మెలిగిన హైదరాబాదు సభ్యులు ఇంకోవైపు. 1957లో ఓట్లు పడింది తెలంగాణలోనే, ఆంధ్రలో 1955లోనే అయిపోయినవి. దాంతో 301 మంది సభలో మనవాళ్ళు 105 మంది. తక్కువ మంది ఉన్నవారు మాట వినబడాలంటే స్పీకరు వైపే చూడాలి. ఆ కుర్చీలోనేమో విలీనం కోరిన మనిషే! ఆ కుర్చీ బరువు అదేనని మేమనుకుంటాం.

1962 ఫిబ్రవరిలో కన్నుమూశారు. ఆయన కోరిన రాష్ట్రం 2014లో విడిపోయింది. కలపడం తప్పా ఒప్పా అని మా స్టాఫు రూములో నేటికీ వాదమే.