త్యాగరాజ సన్నిధిలో స్త్రీల పాటకు చోటు సాధించిన నాగరత్నమ్మ

ఏటా పుష్య బహుళ పంచమి నాడు తమిళనాడులోని తిరువయ్యారులో కావేరి ఒడ్డున విద్వాంసులు చేరి పంచరత్న కీర్తనలు ఆలపిస్తారు. ఆడవారూ, మగవారూ కలిసే పాడతారు. త్యాగరాజస్వామి పూర్వీకులది మన ప్రాంతంలోని కాకర్ల గ్రామమని చెబుతారు. కనుక ఈ ఉత్సవం సంగతి మన జిల్లావాసులకు తెలిసిందే. అయితే అక్కడి గుడి కట్టించినది ఒక స్త్రీ అని, అదే గుడి వద్ద పాడటానికి ఆమె ఏళ్ల తరబడి పోరాడవలసి వచ్చిందని తెలిసినవారు తక్కువ. ఆమే బెంగళూరు నాగరత్నమ్మ.

నాగరత్నమ్మ 1878లో మైసూరు సంస్థానంలోని నంజనగూడులో దేవదాసీ కుటుంబంలో పుట్టారు. తండ్రి వదిలేశాడు. తల్లి పుట్టలక్ష్మి కష్టపడి సంస్కృతం, సంగీతం, నాట్యం నేర్పించింది. నాగరత్నమ్మకు పదిహేనేళ్లయినా నిండకముందే తల్లి పోయింది. తర్వాత మద్రాసు చేరి, కచేరీలు చేసి పేరు, ధనం సంపాదించారు. మద్రాసులో ఆదాయపు పన్ను కట్టిన తొలి కళాకారిణి ఆమేనంటారు.

పుస్తకంపై నిషేధం

తంజావూరు ఆస్థానంలో ఉండిన ముద్దుపళని తెలుగులో రాసిన రాధికాసాంత్వనాన్ని ఆమె పరిష్కరించి 1910లో అచ్చు వేయించారు. ముద్దుపళని కూడా దేవదాసియే. ఆ కావ్యం అశ్లీలమని పండితులు విమర్శించారు. ఇటువంటి శృంగారం మగకవులు రాస్తే తప్పు కానిది ఆడది రాస్తే ఎలా తప్పయిందని నాగరత్నమ్మ నిలదీశారు. చివరకు ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. మన జిల్లాకు పేరిచ్చిన టంగుటూరి ప్రకాశం పంతులు మద్రాసు ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో ఆ నిషేధం తొలగింది.

నగలు అమ్మి గుడి

త్యాగరాజు సమాధి శిథిలమై ఉందని 1921లో గురువు బిడారం కృష్ణప్ప నుంచి ఆమెకు ఉత్తరం వచ్చింది. ఆమె స్థలం కొని, నగలు అమ్మి, ఊరూరా కచేరీలు చేసి డబ్బు కూడబెట్టి గుడి కట్టించారు. 1925 జనవరిలో కుంభాభిషేకం జరిగింది.

అప్పటికే ఆరాధన నడిపే విద్వాంసులు రెండు పక్షాలుగా చీలి ఉన్నారు. వారంతా మగవారే. తాను పాడతానని, హరికథ చెబుతానని నాగరత్నమ్మ అడిగితే ఇరుపక్షాలూ ఒప్పుకోలేదు. గుడికి ఆమె సొమ్ము కావలసి వచ్చింది కాని ఆమె పాట అక్కరలేకపోయింది.

ఆమె ఒంటరిగా తగవుకు దిగలేదు. తనలాగే కచేరీలు చేసుకు బతికే దేవదాసీ స్త్రీలను పోగుచేశారు. 1927 నుంచి స్త్రీల పక్షం పేరుతో మూడో పక్షం నిలిచింది. మగవారు గుడి ముందు పాడితే, వీరు వెనుక వైపున పాడారు. ఏడాది ఏడాదికీ మానకుండా పాడారు. అదే కాలంలో మద్రాసు రాజధానిలో దేవదాసీల సంఘం ఏర్పడగా దానికీ ఆమె ముందు నిలిచారు. దేవదాసీ పద్ధతిని రద్దు చేయాలన్న డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి ప్రయత్నాన్ని ఈ సంఘం వ్యతిరేకించింది. తమకు చదువు, గౌరవం కావాలే కాని కళను, ఆస్తిని లాగేసుకోవద్దని వారి వాదన. చట్టం మాత్రం 1947లో వచ్చింది.

ఆరాధన విషయంలో స్త్రీల పట్టుదల ఫలించింది. 1941 నాటికి మూడు పక్షాలూ ఒకటయ్యాయి. స్త్రీలకు అందరితోపాటు పాడే అవకాశం దక్కింది.

నాగరత్నమ్మ చివరి రోజులు తిరువయ్యారులోనే గడిపారు. ఆస్తిని ట్రస్టుకు రాసి, ఆ సన్నిధిలో సేవ చేసే హక్కు స్త్రీలకు ఉండాలని వీలునామాలో షరతు పెట్టారు. 1952 మే 19న కన్నుమూశారు. త్యాగరాజ సమాధికి దగ్గరలోనే ఆమె సమాధి ఉంది. చేతులు జోడించి స్వామి వైపు చూస్తున్న ఆమె విగ్రహాన్ని ఆరాధనకు వెళ్లేవారు ఈనాటికీ చూడవచ్చు.