వానను గెలిచాడు, దోమ చేతిలో ఓడాడు



ముసురు పట్టిన శని, ఆదివారాల్లో పిల్లల కాళ్లు ఇంట్లో నిలవవు. చినుకులు కాస్త తెరిపి ఇవ్వగానే సైకిల్ తీస్తారు. కామారెడ్డిలోనైనా, ఎల్లారెడ్డిలోనైనా ఇదే తంతు. తడిస్తే జ్వరం వస్తుందని మీరు కేకలేస్తారు. మీ భయం సహజమే. అయితే ఏ విషయంలో భయపడాలో, ఏ విషయంలో అక్కర్లేదో తెలియాలంటే ఒక గొప్ప సైక్లిస్టు జీవితం తెలుసుకోవాలి. అతని పేరు ఫౌస్తో కొప్పి.

1919 సెప్టెంబర్ 15న ఇటలీలోని కాస్తెల్లానియా అనే చిన్న కొండపల్లెలో కొప్పి పుట్టాడు. బక్కపలచని పిల్లవాడు, ఆరోగ్యం అంతంతమాత్రం. ఎనిమిదేళ్ల వయసులో ఇంట్లో ఒక మూల తుప్పు పట్టిన సైకిల్ కనబడింది. దానికి బ్రేకులు కూడా లేవు. దాని మీద తిరగడానికి బడి ఎగ్గొట్టి, శిక్షగా ఒకే వాక్యాన్ని వందసార్లు రాశాడు. పదమూడేళ్లకే చదువు ఆపి, నోవి లిగురే పట్టణంలో మాంసం దుకాణంలో పనికి చేరాడు. పొట్లాలను సైకిల్ మీద ఇంటింటికీ చేరవేయడమే అతని తొలి సాధన. ఓడల్లో పనిచేసే చిన్నాన్న ఇచ్చిన డబ్బుతో మంచి సైకిల్ వచ్చింది. చూపు లేని బియాజో కవన్నా అతనికి గురువయ్యాడు.

1940లో ఇటలీలోకెల్లా పెద్ద సైకిల్ పోటీ అయిన జిరో డిటాలియాలో కొప్పిని తీసుకున్నది జీనో బార్తాలి అనే మేటి ఆటగాడికి సాయంగా మాత్రమే. బార్తాలి మొదట్లోనే కిందపడి వెనుకబడ్డాడు. ఫ్లోరెన్స్ నుంచి మొదేనా వెళ్లే రోజు కొండల్లో జోరువాన. ఆ వానలోనే కొప్పి అందరినీ దాటి ఒంటరిగా ముందుకు వెళ్లాడు. చివరికి పోటీ మొత్తం గెలిచాడు. అప్పుడతనికి ఇరవై ఏళ్లే.

తర్వాత యుద్ధం వచ్చింది. సైనికుడిగా ఆఫ్రికా వెళ్లి, 1943లో బ్రిటిష్ సేనలకు బందీగా చిక్కాడు. తిరిగొచ్చాక మళ్లీ మొదలుపెట్టాడు. 1949 జిరోలో ఒక రోజు ఐదు కొండ కనుమలు దాటుతూ 192 కిలోమీటర్లు ఒంటరిగా తొక్కి గెలిచాడు. మీరు కామారెడ్డి నుంచి హైదరాబాద్ వెళ్లి, దాదాపు తిరిగి వచ్చేంత దూరమది. అదే ఏడాది టూర్ ద ఫ్రాన్స్ కూడా గెలిచి, ఒకే సంవత్సరంలో రెండూ గెలిచిన తొలి ఆటగాడయ్యాడు. మొత్తం ఐదు జిరోలు, రెండు టూర్‌లు అతనివే.

ఇంత కష్టమైన దారులు కొప్పిని ఆపలేదు. అతని ఇంటికి దెబ్బ వేరే వైపు నుంచి తగిలింది. 1951లో తమ్ముడు సెర్సే ట్యూరిన్‌లో ఒక పోటీ చివర్లో పడిపోయాడు. తలకు దెబ్బ తగిలినా లేచి నడిచాడు. పెద్దగా ఏమీ కాలేదనుకున్నారు. కొన్ని గంటల్లోనే ప్రాణం పోయింది.

కొప్పి చివరి రోజుల కథ క్రిటీరియంతో మొదలవుతుంది. ఊరి నడిమధ్య కొన్ని వీధులు మూసి, ఒకే చిన్న చుట్టును మళ్లీ మళ్లీ తిరిగే సైకిల్ పందెమే క్రిటీరియం. మన నిజాంసాగర్ చౌరస్తా చుట్టూ బండ్లు ఆపి పందెం పెట్టారనుకోండి, అలాంటిదే. వాన పడితే అందులో మలుపులే అసలు పరీక్ష. తడిసిన రోడ్డు గీతలు, ఇనుప మూతలు జారతాయి. అందుకే ఆటగాళ్లు మలుపుకు ముందే వేగం తగ్గిస్తారు, మలుపు మధ్యలో గట్టిగా బ్రేకు పట్టరు. మీ పిల్లలకూ ఈ ఒక్కటి నేర్పండి.

1959 డిసెంబర్‌లో కొప్పి, కొందరు ఫ్రెంచ్ ఆటగాళ్లు పశ్చిమ ఆఫ్రికాలోని వగాడుగు నగరానికి అలాంటి పందెం కోసం వెళ్లారు. రాఫెల్ జెమినియాని, కొప్పి ఒకే గదిలో పడుకున్నారు. ఆ గది నిండా దోమలు. ఇళ్లకు చేరాక ఇద్దరికీ తీవ్రమైన జ్వరం వచ్చింది. ఫ్రాన్స్‌లో జెమినియానికి రక్తపరీక్ష చేసి మలేరియా అని తేల్చారు. క్వినైన్ ఇచ్చారు. అతను కోలుకుని, 99 ఏళ్లు బతికి, 2024లో కన్నుమూశాడు. ఇటలీలో కొప్పిది ఫ్లూ, ఊపిరితిత్తుల జబ్బు అనుకుని వైద్యం చేశారు. 1960 జనవరి 2న తొర్తోనా ఆసుపత్రిలో కొప్పి చనిపోయాడు. అప్పటికతనికి నలభై ఏళ్లు.

ఇద్దరినీ కుట్టింది ఒకే గదిలోని దోమలు. ఒకరిని కాపాడింది ఒక రక్తపరీక్ష. మలేరియాను దోమలే మోసుకొస్తాయన్న రహస్యానికి తాళం తీసింది ఎక్కడో కాదు, మన సికింద్రాబాద్‌లోనే. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో ఆ క్రిమిని కనుగొన్నాడు. అప్పటికి కొప్పి పుట్టనేలేదు.

కాబట్టి తల్లిదండ్రులారా, ఉరుములు, వరద లేని చిరుజల్లులో పిల్లలను సైకిల్ తొక్కనివ్వండి. హెల్మెట్ పెట్టించండి, బ్రేకులు మీరే ఒకసారి పట్టి చూడండి. తలకు దెబ్బ తగిలి వాంతులు, మగత, తలనొప్పి కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. కూలర్‌లో, పూలకుండీల కింద, పాత టైర్లలో నిలిచిన నీళ్లను వారానికొకసారి పారబోయండి. జ్వరం వస్తే వానలో తడవడం వల్లేనని మీకు మీరే తేల్చుకుని, మందుల షాపు మాత్రలతో రోజులు గడపకండి. ప్రభుత్వ ఆసుపత్రిలో మలేరియా పరీక్ష ఉచితం. డెంగీ పరీక్ష గురించి కూడా డాక్టర్‌ను అడగండి. ఆ రోజు పిల్లవాడు బడికి రాకపోయినా ఫర్వాలేదు, పాఠాలు మళ్లీ చెప్పుకోవచ్చు.