షోపెన్‌హావర్ మరణశాసనము

మహాప్రస్థానమున ధర్మరాజు వెంట తుదివరకు నడచినది ఒక శునకము. దానిని విడిచి రథ మెక్కుమని ఇంద్రుడు కోరగా ఆ మహారాజు సమ్మతింపలేదు. ఈ కథ మన బడిపిల్లలకు సైతము తెలిసినదే. దీనిని తలపునకు తెచ్చు చరిత్ర యొకటి పందొమ్మిదవ శతాబ్దమున జర్మనీ దేశమున నడచినది. అందు రథము లేదు, ఇంద్రుడును లేడు. ఒక వృద్ధ తత్త్వవేత్త, ఒక కుక్క, ఒక వీలునామా మాత్రమే కలవు. ఆ తత్త్వవేత్త ఆర్థర్ షోపెన్‌హావర్.

ఆయన 1788 ఫిబ్రవరి 22వ తేదీన డాన్‌ట్సిగ్ రేవుపట్టణమున జన్మించెను. తండ్రి సంపన్నుడైన వర్తకుడు. 1793లో ఆ పట్టణము ప్రష్యా వశము కాగా కుటుంబము హాంబర్గునకు తరలిపోయెను. 1805లో తండ్రి ఆకస్మికముగా మరణించెను. తల్లి యోహానా వైమార్ నగరమునకు పోయి నవలారచయిత్రిగా పేరు గాంచెను. తల్లికిని కుమారునకును స్వభావములు పొసగలేదు. 1814లో కలహించి విడిపోయిన పిదప, 1838లో ఆమె కన్నుమూయువరకు వారు ఒకరి మొగ మొకరు చూడలేదు. ఆయన వివాహము చేసికొనలేదు. తోబుట్టువగు అడేల్ 1849లో మరణించెను. అటుపై దగ్గఱ బంధువని చెప్పుకొనుటకు ఎవరును మిగులలేదు.

తల్లితో తెగిన ఆ సంవత్సరముననే మఱొక బంధము కుదిరెను. వైమార్‌లో ఆయనకు ఉపనిషత్తులు లభించెను. మొగలు రాకుమారుడు దారా షికో 1657లో పారసీక భాషలోనికి మార్పించిన ఉపనిషత్తులను ఫ్రెంచి పండితుడు ఆంకెటిల్ ద్యుపెరాన్ లాటిన్‌లోనికి తెచ్చి 1801, 1802 సంవత్సరములలో ప్రకటించెను. మన దేశమునుండి రెండు భాషలు దాటి పోయిన ఆ గ్రంథము షోపెన్‌హావర్‌కు జీవితాంతము పారాయణ గ్రంథమయ్యెను. సర్వప్రాణులయందును ఉన్నది ఒక్కటే యను భావము ఆయన తత్త్వమునకు పట్టుగొమ్మ.

లోకము మాత్రము ఆయనను చాలకాలము గుర్తింపలేదు. 1818 చివర వెలువడిన ఆయన ప్రధాన గ్రంథము అమ్ముడుపోక, ప్రతులు చాలవఱకు చిత్తుకాగితముల క్రింద పోయెను. 1820లో బెర్లిన్ విశ్వవిద్యాలయమున ఉపన్యసించుచు, హెగెల్ పాఠము చెప్పు వేళకే తన పాఠమును పెట్టుకొనెను. విద్యార్థులు హెగెల్ వద్దకే పోయిరి. ఈయన గది వెలవెలబోయెను.

స్వభావమున ఆయన కటువు. 1821లో తన గది ముంగిట మాటలాడుచున్న కుట్టుపనిచేయు స్త్రీని బలిమిగా వెడలగొట్టి, వ్యాజ్యము పాలయ్యెను. న్యాయస్థానపు తీర్పు ననుసరించి ఆమె మరణించువరకు ఏటేట 60 తాలర్లు చెల్లింపవలసి వచ్చెను. ధనవిషయమున ఆయన మిక్కిలి జాగరూకుడు. తన సొమ్ము దాచిన వర్తకసంస్థ దివాలా తీసినపుడు, తల్లియు తోబుట్టువును వచ్చినంతకు రాజీపడగా, ఈయన పట్టువిడువక తనకు రావలసినదంతయు వడ్డీతో రాబట్టుకొనెను. ఈ రెండు గుణములను జ్ఞాపకముంచుకొన్నగాని ఆయన వీలునామా మనకు సరిగా అర్థము కాదు.

1831లో బెర్లిన్‌లో కలరా వ్యాపింపగా ఆ నగరమును విడిచిపెట్టెను. 1833 నుండి తుదివరకు ఫ్రాంక్‌ఫర్టులోనే నివసించెను. ఉదయము రచన, మధ్యాహ్నము కొంతసేపు పిల్లనగ్రోవి, పిదప భోజనశాలలో భోజనము, అటుపై ఎండయైనను వానయైనను దీర్ఘమైన నడక. ఆ నడకలో తోడు పూడిల్ జాతి కుక్క యొకటి. విద్యార్థిదశనుండియు ఆయన ఆ జాతి కుక్కలనే పెంచుచు, ఒకటి పోగా మఱొకదానిని తెచ్చుకొనుచుండెను. అన్నింటికిని పెట్టిన పేరు ఒక్కటే: ఆత్మ. ఇంటిలో ముద్దుపేరు బుట్స్. శరీరములు మాఱినను లోనున్నది ఒకటే యని ఆయన భావము. 1849లో తెల్లని పూడిల్ చనిపోగా మిక్కిలి దుఃఖించి, మఱల గోధుమవన్నె పూడిల్ నొకదానిని తెచ్చుకొనెను. ఆ కుక్క ఏదైన తప్పు చేసినపుడు దానిని మనుష్యుడా యని తిట్టెడివాడట. ఇరుగుపొరుగు పిల్లలు దానిని చిన్న షోపెన్‌హావర్ అనుచుండిరట.

ఇది ఒంటరివాని ముచ్చట మాత్రమే యనుకొనరాదు. నీతికి మూలమేమి యను ప్రశ్నకు సమాధానముగా 1839లో డెన్మార్కు రాజకీయ విద్వత్పరిషత్తునకు ఆయన ఒక వ్యాసము పంపెను. పోటీకి వచ్చినది అదొక్కటే. ఐనను బహుమతి నీయలేదు. నీతికి మూలము శాస్త్రవిధి కాదు, ఫలాపేక్ష కాదు, కరుణయే యని అందు వాదించెను. ఆ కరుణ మనుష్యులతో ఆగిపోవుట ఐరోపా నీతిశాస్త్రమునకు మచ్చ యని, జంతువులను కేవల వస్తువులుగా చూచిన కాంట్‌ను సైతము తప్పుపట్టెను. బ్రదికియున్న జంతువులను కోసి చూచు ప్రయోగములను తీవ్రముగా ఖండించెను.

అట్టి సిద్ధాంతమును వ్రాసినవాడు ఆచరణలో నిలిచెనా? నోటిమాటలో కటువైన ఈ మనుష్యునకు ఆ కరుణ పుస్తకములకే పరిమితమా? దీనికి జవాబు 1852లో వ్రాసిన వీలునామాలో దొరకును. ఆస్తిలో అధికభాగమును, 1848, 1849 సంవత్సరముల తిరుగుబాట్ల నణచుటలో అంగవికలురైన ప్రష్యా సైనికులకును, మృతుల కుటుంబములకును సాయపడు నిధికి వ్రాసెను. ప్రజాపక్షము వహించువారు ఈ నిర్ణయమును మెచ్చరు. ఇల్లు చూచిన సేవకురాలికి ఏటేట భృతి యేర్పఱచెను. వీరితోపాటు తన పెంపుడు కుక్కను మఱువక, దాని పోషణకును ధనము కేటాయించెను.

ఇక్కడ ఒక విషయము గమనింపవలెను. కుక్క ఆస్తికి హక్కుదారు కాజాలదు. దానికిని వ్యాజ్యమునకును దూరము; తనకు రావలసినది రాలేదని అది ఏ న్యాయస్థానమునకును పోలేదు. కావున యజమాని చేయగలిగినది, నమ్మదగిన మనుష్యుని చేతికి ధనమును, దానితోపాటు బాధ్యతను అప్పగించుట. మన దేశమునను నేటికిని పద్ధతి ఇదియే. జంతువు పేర నేరుగ ఆస్తి వ్రాయుటకు వీలులేదు. 2024 అక్టోబరులో మరణించిన రతన్ టాటా తన వీలునామాలో టీటో యను కుక్కకు ఏర్పాటు చేసెనని పత్రికలలో వచ్చినపుడు పలువు రాశ్చర్యపడిరి. శతాబ్దమునకు పైగా ముందే ఒక తత్త్వవేత్త ఆ మార్గమున నడచియుండెను.

మనుష్యులయందు నమ్మకము చాలని షోపెన్‌హావర్, తన కుక్క విషయమున మనుష్యులనే నమ్మవలసి వచ్చెను. దివాలా తీసిన సంస్థనుండి వడ్డీతో సొమ్ము రాబట్టిన ఆ లెక్కతెలిసిన బుద్ధియే ఇక్కడ కరుణకు పనిముట్టయ్యెను. ప్రేమించితినను మాట ఒక పూట కుక్క ఆకలిని తీర్పదు. కాగితముపై వ్రాసిన పైకము తీర్చును.

1851లో వెలువడిన వ్యాససంపుటములతో ఆయనకు కీర్తి ఆలస్యముగా దక్కెను. 1860 సెప్టెంబరు 21వ తేదీ ఉదయమున వైద్యుడు వచ్చి చూచునప్పటికి ఆయన ఆసనముపై ఒరిగి ప్రాణములు విడిచియుండెను. వయస్సు 72. కోరికమేరకు సమాధిఫలకముపై పేరు తప్ప తేదీ యైనను చెక్కలేదు.

ధర్మరాజు శునకము నెడబాయనని స్వర్గద్వారమున నిలిచెను. ఆ శునకము తుదకు ధర్మదేవతయై ప్రత్యక్షమయ్యెను. షోపెన్‌హావర్ కుక్క కుక్కగానే ఉండెను. స్వర్గమునందు నమ్మకములేని ఆయన, తన ప్రయాణములో దానిని వెంట తీసికొనిపోలేనని యెఱిగి, తాను లేని ఇంటిలో దానికి పిడికెడు తిండి యుండునట్లు చూచెను. తనపై ఆధారపడిన మూగప్రాణి తన తరువాత ఏమగునని బ్రదికియుండగనే తలచుట, తలచినదానిని కాగితముపై పెట్టుట: ధర్మమున కిదియు ఒక రూపమే.