ఆకుపచ్చ గుట్టు విప్పిన విల్‌స్టేటర్

ఆకు పచ్చగా ఎందుకు ఉంటుంది? అందులో పత్రహరితం ఉంటుందని సైన్సు పాఠంలో చదివాం. దాని గుట్టు విప్పిన శాస్త్రవేత్త రిచర్డ్ విల్‌స్టేటర్ గారు.

ఈయన 1872 ఆగస్టు 13న జర్మనీ దేశంలో కార్ల్స్‌రూహే పట్టణంలో యూదుల ఇంట్లో పుట్టారు. మతం మారితే మంచి ఉద్యోగం వస్తుందని గురువుగారే చెప్పినా మారలేదు. 1905లో స్విట్జర్లాండులోని జ్యూరిచ్‌లో ప్రొఫెసర్ అయ్యారు. అక్కడ ముట్టుకుంటే దురద పెట్టే ఒక మొక్క ఆకులను ఎండబెట్టి పరిశోధన చేశారు. 200కు పైగా రకాల మొక్కలు చూశారు. అన్నింటిలో పత్రహరితం ఒక్కటే! అందులో మెగ్నీషియం ఉందని తేల్చారు.

పత్రహరితానికి పార్ఫిరిన్ జాతి చట్రం ఉంటుంది. నడుమ మెగ్నీషియం కూర్చుంటుంది. మన రక్తంలో కూడా అట్లాంటి చట్రమే ఉంది, కానీ నడుమ ఇనుము. అందుకే రక్తం తక్కువున్న పిల్లలకు ఐరన్ గోలీలు ఇస్తారు. ఎండ తగిలితే పత్రహరితం నుంచి ఎలక్ట్రాను పక్క అణువులోకి దూకుతుంది. అట్లా చెట్టు తన అన్నం వండుకోవడం మొదలుపెడుతుంది. ఈ సంగతి తరువాతి వాళ్లు కనిపెట్టారు.

ఈయనకు 1915లో నోబెల్ బహుమతి వచ్చింది. తరువాత మ్యూనిక్ విశ్వవిద్యాలయంలో పనిచేశారు. 1924లో అక్కడ ఒక శాస్త్రవేత్తను యూదుడని ఉద్యోగంలోకి తీసుకోలేదు. అది అన్యాయమని ఈయన రాజీనామా చేశారు. ఎందరు బతిమాలినా వెనక్కి రాలేదు. 1939లో హిట్లర్ పాలనకు ఇల్లు విడిచి స్విట్జర్లాండు పోయారు. 1942 ఆగస్టు 3న అక్కడే చనిపోయారు.

అన్ని చెట్ల పచ్చదనం ఒక్కటే అని చూపించిన మనిషినే వేరు అని వెళ్లగొట్టారు. అది చదివి నాకు చాలా బాధ అయింది.

– 9వ తరగతి విద్యార్థిని